మాంటిల్ సరే, పక్కనున్న అనామకుడి కార్డు మాటేంటి?

పోయిన ఎండాకాలం ఓ శనివారం పొద్దున్నే మావాడొకడు ఫోన్ చేశాడు. ఇక్కడ న్యూజెర్సీలో వాళ్ళ వీధి చివర గరాజ్ సేల్ జరుగుతుంటే, రెండు పొడుగాటి అట్టపెట్టెల నిండా పాత బేస్‌బాల్ కార్డులు, అంటే బబుల్‌గమ్‌తో పాటు వచ్చే ఆటగాళ్ళ బొమ్మలు, 200 డాలర్లకి కొన్నాడట. "అన్నా, అన్నీ 1966వి. నాకు తెలిసిన పేరు ఒక్కటీ లేదు. దాచిపెడితే మా బుడ్డోడి కాలేజీ ఫీజుకి పనికొస్తాయంటావా?" అన్నాడు. బుడ్డోడికి నాలుగేళ్ళు.

వెళ్ళి చూశాను. తెలిసిన పేరు లేకపోవడంలో వింతేమీ లేదు. ఎవరో ముందే కూర్చుని విల్లీ మేస్, కోఫాక్స్, క్లెమెంటె, ఆరన్, మాంటిల్ లాంటి స్టార్లందరినీ శుభ్రంగా ఏరుకుపోయారు. మిగిలినవాళ్ళని ఈ హాబీలో "కామన్స్" అంటారు. రెండు మూడు సీజన్లు ఆడి, ఇంటికెళ్ళి ఇన్సూరెన్స్ పాలసీలు అమ్ముకున్నవాళ్ళు, బెంచీ మీదే రిటైరైనవాళ్ళు.

మావాడి ప్రశ్న చిన్నదే, జవాబే ఒక్క ముక్కలో చెప్పేది కాదు. ఎందుకంటే పాత కార్డు ధర ఆటగాడి గొప్పతనాన్ని బట్టి ఉంటుందని మనమంతా అనుకుంటాం. అనామకుల కార్డుల దగ్గర ఆ లెక్క మొదటి మెట్టు మీదే కూలిపోతుంది. వాళ్ళకి గొప్పతనం సున్నా, మరి కొన్ని కార్డులు రెండు డాలర్లకీ కొన్ని రెండు వేలకీ ఎలా పోతున్నాయి?

ముందు అందరికీ తెలిసిన కార్డుతోనే మొదలుపెడదాం. టాప్స్ అనే బబుల్‌గమ్ కంపెనీ 1952లో వేసిన సెట్‌లో, అంటే ఆ ఏటి కార్డుల మొత్తం వరసలో, 311వ నంబరు, మిక్కీ మాంటిల్. 2022 ఆగస్టులో దాని కాపీ ఒకటి వేలంలో 1 కోటీ 26 లక్షల డాలర్లకి పోయింది, అప్పటి రేటులో మన డబ్బు 100 కోట్లు. ఆ సెట్‌లో మొత్తం 407 కార్డులు. 311 నుంచి 407 దాకా ఉన్నవి ఆఖరి విడతలో వచ్చాయి. అవి అంగళ్ళకి చేరేసరికి సీజన్ అయిపోవచ్చింది, పిల్లలు అప్పటికే ఫుట్‌బాల్ వైపు మళ్ళారు, సరుకు అమ్ముడుపోలేదు. ఏళ్ళ తరబడి గోదాములో పడున్న ఆ పెట్టెల్ని 1960లో టాప్స్ ఉద్యోగి సై బెర్గర్ పడవ మీద తీసుకెళ్ళి అట్లాంటిక్‌లో పారబోయించాడు. ఇదే న్యూజెర్సీ తీరానికి కాస్త అవతల. ఆ కథ ఈ హాబీలో రామాయణమంత పాతది, తెలియనివాడు ఉండడు.

చాలామంది పట్టించుకోనిది దీని తర్వాత ఉంది. ఆ ఆఖరి విడత అచ్చు షీటులో 311, 312, 313 నంబర్లు రెండేసి సార్లు వేశారు. అంటే మాంటిల్, జాకీ రాబిన్సన్, బాబీ థామ్సన్ కార్డులు అదే విడతలోని మిగతావాళ్ళకంటే రెట్టింపు పుట్టాయి. కాబట్టి అరుదు అనేదొక్కటే లెక్కయితే పక్కనున్న ఏ అనామకుడి కార్డో మాంటిల్ కంటే ఖరీదుండాలి! లేదు కదా. అలాగని ఆ అనామకుడు చవగ్గానూ దొరకడు. ఆ విడతలో ఊరూపేరూ లేనివాడి కార్డు కూడా, మడతలు పడి మూలలు అరిగిపోయినా, వందల డాలర్లు పలుకుతుంది. అదే సెట్‌లో ముందు విడతల్లో వచ్చిన అలాంటి ఆటగాడి కార్డు అందులో చిన్న భాగానికే దొరుకుతుంది. ఆటలో ఇద్దరూ ఒకే తూకం. ధరలో తేడా అంతా పెట్టె ఏ నెలలో అంగడికి చేరిందన్న దాని వల్ల వచ్చింది.

మరి ఆ అనామకుణ్ణి వందల డాలర్లు పోసి కొనేదెవరు? వాడి అభిమానులెవరూ లేరు. కొనేది సెట్ పూర్తి చేసేవాడు. మన చిన్నప్పుడు అగ్గిపెట్టె బొమ్మలు పోగేసినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఎవరి దగ్గర చూసినా ఉండే బొమ్మని ఎవడూ అడగడు, వరసలో తగ్గిన ఆ ఒక్క దిక్కుమాలిన బొమ్మ కోసం పది బొమ్మలు ఎదురిచ్చేవాళ్ళం. 406 కార్డులు దొరికినవాడికి 407వది ఎవరి బొమ్మ అయినా ఒకటే, ఆల్బమ్‌లో ఖాళీ జేబు నిండాలంతే. కామన్ కార్డుకి పలికే ధర ఆ ఖాళీ జేబు ధరే. దాని భవిష్యత్తు ఏమిటని అడగడం అంటే, రేపు సెట్లు పూర్తి చేసేవాళ్ళు ఉంటారా అని అడగడమే.

అక్కడికి వస్తాను. ఈలోపు ఇంకో చిక్కుముడి ఉంది, గ్రేడింగ్. చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే కనక కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

1991లో పీఎస్‌ఏ అనే కంపెనీ వచ్చి, ఎంత చెక్కుచెదరకుండా ఉన్నాయో చూసి కార్డుల్ని 1 నుంచి 10 దాకా గ్రేడ్ చేసి ప్లాస్టిక్ స్లాబులో బిగించి ఇవ్వడం మొదలుపెట్టింది. తర్వాత ఆ కంపెనీ సెట్ రిజిస్ట్రీ అని ఒకటి పెట్టింది, అంటే ఎవరి సెట్ సగటు గ్రేడ్ ఎక్కువో చూపించే ర్యాంకుల పట్టిక. బాగా డబ్బున్న, బాగా పంతమున్న మగాళ్ళ ముందు ర్యాంకుల పట్టిక పెడితే ఏమవుతుందో వేరే చెప్పాలా? సెట్‌లో మేస్ కార్డు 9 గ్రేడ్‌లో కొనడానికి డబ్బుంటే చాలు. అనామకుడి కార్డు 9లో కొందామంటే అసలు ఉండదు, ఎందుకంటే వాడి కార్డుని ఎవరూ జాగ్రత్తగా దాచలేదు, సైకిలు పుల్లల్లో పెట్టి టపటపలాడించారు.

దీనికి మహా పేరున్న ఉదాహరణ ఆండీ పాఫ్కో. ఈయన మరీ అనామకుడేం కాదు, మంచి ఔట్‌ఫీల్డరే, కాకపోతే హాల్ ఆఫ్ ఫేమ్, అంటే బేస్‌బాల్ మహామహుల జాబితాకి ఎక్కిన మనిషి కాదు. ఈయన చేసిన పుణ్యమల్లా 1952 టాప్స్ సెట్‌లో 1వ నంబరు కావడం. పిల్లలు కార్డుల్ని నంబర్ల వరసలో పేర్చి రబ్బరు బ్యాండు వేసేవాళ్ళు. ఆ బ్యాండు ఏళ్ళ తరబడి కోసింది పైనున్న పాఫ్కోనే. అందుకే మచ్చలేని పాఫ్కో కార్డు దాదాపు లేదు, 10 గ్రేడ్ వచ్చిన ఒకటి 1990ల చివర్లోనే 80 వేల డాలర్లు దాటి పోయింది. అన్ని వేలూ పాఫ్కో తగిలించుకున్న నంబరుకీ, దాన్ని తాకని రబ్బరు బ్యాండుకీ ఇచ్చినట్టే.

ఇలాంటి కథలు విని జనం "లో పాప్" కామన్స్ వెంటపడతారు. పాప్ అంటే పాపులేషన్ రిపోర్టు, ఫలానా కార్డు ఫలానా గ్రేడ్‌లో ఎన్ని ఉన్నాయో కంపెనీ ఇచ్చే లెక్క. ఒక అనామకుడి కార్డు 9లో రెండే ఉన్నాయని రిపోర్టు చెబుతుంది, పాతిక డాలర్ల కార్డు వేలంలో రెండు వేలకి పోతుంది. చూసినవాడు అబ్బో అనుకుంటాడు. కానీ ఆ రిపోర్టు చెప్పేది గ్రేడింగ్‌కి పంపినవాటి లెక్క, ప్రపంచంలో ఉన్నవాటి లెక్క కాదు. ఐదు డాలర్ల కార్డుకి ఇరవై డాలర్లు పెట్టి గ్రేడింగ్ ఎవరు చేయిస్తారు? అవన్నీ ఇంకా మావాడి అట్టపెట్టెల్లాంటి వాటిలో, బేస్‌మెంట్లలో, అటకల మీద నిద్రపోతున్నాయి. ఒకటి రెండు వేలకి పోయిందని తెలిసిన మర్నాడు పదిమంది తమ పెట్టెలు తిరగేస్తారు. ఆరు నెలల్లో రెండు కాస్తా ఐదవుతాయి. ఇంకో సంగతి, అలాంటి కార్డు కోసం నిజంగా కొట్టుకునేది ఇద్దరే ఇద్దరు. ఒకడికి దొరికాక రెండోవాడికి పోటీ లేదు, తర్వాతి కార్డు మూడొందలకే దొరుకుతుంది. ఆ మొదటి రెండు వేలు చూసి "మార్కెట్ ధర" అనుకున్నవాడు మునిగినట్టే.

అటక మీది సరుకు ఏం చేయగలదో 2012లో అందరూ కళ్ళారా చూశారు. ఒహాయోలో డిఫయన్స్ అనే చిన్న ఊళ్ళో, ఓ కుటుంబం తాతగారి ఇల్లు సర్దుతుంటే, అటక మీద కొయ్యబొమ్మరిల్లు కింద మసిపట్టిన అట్టపెట్టె ఒకటి దొరికింది. అందులో 1910 ప్రాంతపు ఇ98 అనే సిరీస్ కార్డులు, మిఠాయిలతో పాటు ఇచ్చిన రకం, దాదాపు 700. నూరేళ్ళ కింద దారాలు కట్టిపెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. అప్పటిదాకా ఆ సిరీస్ మంచి స్థితిలో దొరకడమంటే గగనమే. ఆ ఏడాది బాల్టిమోర్‌లో 37 కార్డుల మొదటి విడత వేలంలోనే 5 లక్షల డాలర్లు దాటింది. ఆ కుటుంబానికి పండగే, సందేహం లేదు. కానీ అంతకు ముందు నెలలో ఇదే సిరీస్‌లో ఓ మాదిరి గ్రేడ్ కార్డుని "ఇంతకన్నా మంచిది భూమ్మీద లేదు" అని నమ్మి కొన్నవాడు ఉంటాడు కదా, వాడి మొహం నాకెప్పుడూ గుర్తొస్తుంటుంది. ఆటగాడి చరిత్ర మారదు, ఎన్ని అచ్చేశారన్నదీ మారదు. ఎన్ని బాగున్నాయన్నది మాత్రం ఓ పొద్దున్నే మారిపోతుంది.

అందుకే నేను అరుదుని రెండు రకాలుగా చూస్తాను. పుట్టుకతో అరుదైనవి ఉన్నాయి, అరగకపోవడం వల్ల అరుదైనవి ఉన్నాయి. మొదటి రకాన్ని నమ్మొచ్చు. రెండో రకం మీద డబ్బు పెట్టేవాడు తన సరదా కోసం పెట్టుకోవాలి.

పుట్టుకతో అరుదైనవాటికి రాజు లాంటిది టి206 సెట్. 1909 నుంచి 1911 దాకా అమెరికన్ టొబాకో కంపెనీ సిగరెట్ పెట్టెల్లో పెట్టి ఇచ్చిన 520కి పైగా చిన్న చిన్న కార్డులు, ఇంచుమించు అగ్గిపెట్టె బొమ్మంత సైజు. ఇందులో హోనస్ వాగ్నర్ కార్డు కథ అందరూ చెప్తారు, దాన్ని వదిలేద్దాం. జో డోయల్ అనే పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు, ఉన్నాడు. న్యూయార్క్ హైలాండర్స్‌కి ఆడాడు, బేస్‌బాల్‌లో ఉన్న రెండు పెద్ద లీగుల్లో అది అమెరికన్ లీగ్ జట్టు. అదే ఊళ్ళో నేషనల్ లీగ్ జట్టు జెయింట్స్‌కి లారీ డోయల్ అని ఇంకొకడు ఆడేవాడు. అచ్చువాళ్ళు ఇద్దర్నీ కలిపేసి మన జో కార్డు మీద "నేషనల్" అని వేసేశారు. వెంటనే తప్పు తెలిసి ఆ మాట తీసేశారు. తప్పుతో బయటపడ్డవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ ముక్క ఉంటే లక్షల డాలర్లు, లేకపోతే అదే బొమ్మ, అదే మనిషి, మామూలు కామన్!

ఈ సెట్‌లో ఇంకో వింత వెనకవైపు ఉంటుంది. ప్రతి కార్డు వెనక ఏదో ఒక సిగరెట్ బ్రాండ్ ప్రకటన ఉంటుంది. పీడ్‌మాంట్, స్వీట్ కాపొరల్ బ్రాండ్లు ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి. అదే ఆటగాడి వెనక డ్రమ్ అనో ఉజిట్ అనో లెనాక్స్ అనో ఉంటే, నలిగిన ముక్కయినా వందలు, ఒక్కోసారి వేల డాలర్లు. నాకు తెలిసి ముందువైపు చూడకుండా కార్డులు కొనే మనుషులున్న హాబీ ఇదొక్కటే. పాత పెట్టె దొరికితే బొమ్మలు చూసి పెదవి విరవకండి, తిప్పి చూడండి.

కథ వల్ల బతికే కార్డులూ ఉన్నాయి. మో బెర్గ్ అని 15 సీజన్లు ఆడిన క్యాచర్, బ్యాటింగ్ సగటు .243, అంటే ఏమంత లేదు. కానీ ప్రిన్స్‌టన్‌లో చదివాడు, బోలెడు భాషలు వచ్చు, రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా గూఢచారిగా పనిచేశాడు. గౌడీ అనే గమ్ కంపెనీ 1933లో వేసిన ఆయన కార్డు పక్క కార్డులకంటే ఎన్నో రెట్లు పలుకుతుంది, బేస్‌బాల్ పట్టనివాళ్ళు కూడా కొంటారు. మూడు నాలుగు తలకాయల రూకీ కార్డులది, అంటే కొత్తగా వచ్చిన కుర్రాళ్ళ మొదటి కార్డులది, ఇంకో కథ. 1963 టాప్స్‌లో 537వ నంబరు కార్డు మీద నాలుగు గుండ్రటి ఫొటోల్లో నలుగురు కుర్రాళ్ళున్నారు. పెద్రో గొంజాలెజ్, కెన్ మెక్‌మలెన్, ఆల్ వైస్, ఇంకా తర్వాత పెద్ద స్టారైన పీట్ రోజ్. 10 గ్రేడ్ కార్డు ఒకటి 2016లో 7 లక్షల 17 వేల డాలర్లకి పోయింది. పూలతో పాటు దారం కూడా దేవుడి మెళ్ళోకెక్కినట్టు మిగతా ముగ్గురూ ఆ ధరలో వాటాదారులయ్యారు. పాపం ఆల్ వైస్‌ని మరీ దారం అనకూడదు, 1969 వరల్డ్ సిరీస్ (బేస్‌బాల్ ఫైనల్) ఐదో మ్యాచ్‌లో తన జట్టు మెట్స్ వెనకబడి ఉన్నప్పుడు స్కోరు సమం చేసిన హోమ్ రన్ ఆయనదే.

హాల్ ఆఫ్ ఫేమ్ లాటరీ మాటా చాలామంది అడుగుతారు, ఎప్పుడో ఆడినవాళ్ళని కమిటీలు ఆలస్యంగా ఎన్నుకుంటాయి కదా అని. నిజమే, 2024 డిసెంబరులో డిక్ అలెన్, డేవ్ పార్కర్ ఎన్నికయ్యారు. ఎన్నికయ్యాక వాళ్ళ కార్డులకి గిరాకీ పెరుగుతుంది. కానీ వీళ్ళ పేర్లు ఏళ్ళ తరబడి నలుగుతూనే ఉన్నాయి, ధరలో ఆ ఆశ ముందే కలిసిపోయి ఉంటుంది. నిజమైన అనామకుణ్ణి ఏ కమిటీ పిలవదు.

ఇప్పుడు అసలు ప్రశ్న, సెట్లు కట్టేవాళ్ళు మిగులుతారా? 1950లు, 60ల కార్డుల్ని చిన్నప్పుడు ఐదు సెంట్లకి కొన్నవాళ్ళు ఇప్పుడు డెబ్బై, ఎనభైల్లో ఉన్నారు. వాళ్ళు ఆ సెట్లు కట్టింది చిన్నప్పుడు వాళ్ళమ్మ చెత్తబుట్టలో పారేసిన పెట్టెని మళ్ళీ తెచ్చుకోవడానికి. వాళ్ళ పిల్లలకి ఆ బెంగ లేదు. తండ్రి పోయాక సెట్ చేతికొస్తే ఏం చేస్తారు? డీలర్‌కి ఇస్తారు. డీలర్ మొదటి రోజే మేస్‌నీ మాంటిల్‌నీ తీసి విడిగా అమ్ముకుంటాడు, మిగతా 550 కార్డులు కట్టకట్టి లాట్‌గా వదిలించుకుంటాడు. ప్రతి సెట్ విరిగినప్పుడల్లా స్టార్లకి కొనేవాళ్ళు సిద్ధంగా ఉంటారు, కామన్స్ మాత్రం మార్కెట్ మీద పడి కుప్ప పెరుగుతుంది. కొత్తగా ఈ హాబీలోకి వచ్చే ముప్ఫై ఏళ్ళవాడు ఒక్క మంచి క్లెమెంటె కార్డు కొని షెల్ఫులో పెట్టుకుంటాడు గానీ, 598 కార్డుల లిస్టు పట్టుకుని నాలుగేళ్ళు తిరగడు. 2020, 21లో కోవిడ్ టైములో కార్డుల ధరలు ఆకాశానికి వెళ్ళినప్పుడు కూడా అసలు పరుగు స్టార్ల రూకీ కార్డులదే, నలిగిన కామన్స్‌ది కాదు.

కాబట్టి నా అంచనా ఇది. 1950ల నుంచి 70ల దాకా మధ్యరకం స్థితిలో ఉన్న మామూలు కామన్స్, ద్రవ్యోల్బణం తీసేస్తే, మెల్లగా కిందికే జారతాయి. హై నంబర్లు (ఆఖరి విడతవి), షార్ట్ ప్రింట్లు (మిగతావాటికంటే తక్కువ అచ్చేసినవి) నిలబడతాయి గానీ ఎగరవు, ఎందుకంటే వాటికీ కావాల్సింది సెట్ కట్టేవాడే. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు సిగరెట్, మిఠాయి కార్డుల మీద నాకు నమ్మకం ఎక్కువ. నూరేళ్ళ వస్తువుని ఓ జ్ఞాపికలా కొనుక్కునేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, వాళ్ళకి సెట్‌తో పనిలేదు, పీడ్‌మాంట్ వెనక ఉన్న ఏ అనామకుడైనా సరే. ఇక 1980ల చివర, 90ల మొదట్లో అచ్చేసినవి, దయచేసి అడగొద్దు, ఇంటింటా దాచారు కాబట్టి ఎవరికీ అక్కర్లేదు.

లెక్కల్లో ఎవరూ చెప్పని ఖర్చులూ ఉన్నాయి. ఆన్‌లైన్‌లో అమ్మితే సైటు కోత, పోస్టేజి, వేలం సంస్థ కమిషన్. పైగా ఏడాది దాటి దాచి అమ్మిన కలెక్టిబుల్స్ లాభం మీద ఇక్కడ ఫెడరల్ పన్ను 28 శాతం దాకా పడొచ్చు, షేర్లకి గరిష్ఠం 20. ఆరు డాలర్ల కార్డు పదేళ్ళకి పన్నెండైనా చేతికొచ్చేది కాఫీ డబ్బులే.

మావాడికి ఇదంతా చెప్పి, ఇద్దరం కార్పెట్ మీద కూర్చుని పెట్టెలు నంబర్ల వరసలో పేర్చాం. 1966 టాప్స్ కార్డు ముందువైపు ఎడమ మూలన జట్టు పేరు వాలుగా పట్టీ వేసినట్టుంటుంది, నంబరు వెనక ఉంటుంది, కాబట్టి ఒక్కోటీ తిప్పాలి. రెండు మూడు కార్డుల వెనక బబుల్‌గమ్ మరక ఇంకా గోధుమరంగులో ఉంది, మావాడు వాసన చూశాడు, ఏమీ రాలేదు. ఆ ఏడాది 523 నుంచి 598 దాకా ఆఖరి విడత, దొరకడం కష్టం. స్టార్లని ఏరుకుపోయినవాడు పేర్లు చూశాడు గానీ నంబర్లు చూడలేదు. ఆ విడతవి పందొమ్మిది తేలాయి, అంతా అనామకులే, ఆ పందొమ్మిదీ కలిపితే పెట్టిన 200 పైన కాస్త వెనక్కొస్తాయి. మిగతావన్నీ కలిపినా బుడ్డోడి కాలేజీలో ఒక పుస్తకం ఖర్చు.

ఆ పందొమ్మిదీ అమ్మేస్తాడనుకున్నాను. పోయిన వారం మెసేజ్ పెట్టాడు: "అన్నా, 591 ఎక్కడైనా కనిపిస్తే చెప్పు." 591 అంటే బార్ట్ షర్లీ, గ్రాంట్ జాక్సన్ ఉన్న రూకీ కార్డు, ఆ సెట్‌లో బాగా ఏడిపించేవాటిలో ఒకటి. వీళ్ళెవరో తెలుసా అని అడిగాను. తెలీదట.